సంస్థల గొంతుగా పాడ్‌కాస్ట్: తొలి ఏళ్లు

కొత్త ఎపిసోడ్ తయారైన ప్రతిసారీ, సబ్‌స్క్రైబ్ చేసుకున్న శ్రోత దగ్గరికి తనంతట తానే వచ్చి చేరే ఆడియో కార్యక్రమాన్ని పాడ్‌కాస్ట్ అంటారు. దీని వెనకున్న సాంకేతికత 2000 చివర్లో సిద్ధమైంది. పేరు 2004లో పుట్టింది. 2005లో జనరల్ మోటార్స్, ఐబీఎం, వర్ల్‌పూల్ వంటి అమెరికన్ కంపెనీలు దీన్ని అందిపుచ్చుకున్నాయి. 2008 వచ్చేసరికి తొలి ఉత్సాహం చల్లబడింది. ఆ ఏళ్లలో కంపెనీలు తమ కొనుగోలుదారులతో, ఉద్యోగులతో, వాటాదారులతో మాట్లాడే తీరులో వచ్చిన మార్పే ఈ వ్యాసానికి విషయం.

ఆ మార్పు చిన్నదేమీ కాదు. అప్పటిదాకా కంపెనీ ఏ మాట చెప్పాలన్నా వినే సమయాన్ని కంపెనీయే నిర్ణయించేది. ఫలానా గంటకు రేడియోలో ప్రకటన, ఫలానా రోజున సమావేశం, ఫలానా వేళకు కాన్ఫరెన్స్ కాల్. పాడ్‌కాస్ట్‌తో ఆ సమయం శ్రోత చేతిలోకి వెళ్లింది. నచ్చకపోతే ఎవరికీ చెప్పకుండా సబ్‌స్క్రిప్షన్ తీసేసుకునే వీలు కూడా అతనికే దక్కింది. తొలి ఏళ్ల కంపెనీ పాడ్‌కాస్టుల్లో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని చూస్తే, చాలావరకు ఈ ఒక్క సంగతిని ఎవరు మనసుకు పట్టించుకున్నారన్న దాన్నిబట్టే తేలుతుంది.

ఫీడ్‌లో ఒక వరుస

వెబ్‌సైటులో కొత్తగా ఏమొచ్చిందో ఎప్పటికప్పుడు చెప్పే జాబితాను ఫీడ్ అంటారు. ఆ జాబితాను రాసే పద్ధతుల్లో ఆర్‌ఎస్‌ఎస్ ఒకటి. యూజర్‌ల్యాండ్ సాఫ్ట్‌వేర్ సంస్థకు చెందిన డేవ్ వైనర్ 2000 డిసెంబరులో విడుదల చేసిన ఆర్‌ఎస్‌ఎస్ 0.92లో 'ఎన్‌క్లోజర్' అనే వరుస కొత్తగా చేరింది. ఉత్తరంతో పాటు అదే కవర్లో ఫొటో పెట్టి పంపినట్టు, రాత సమాచారంతో పాటు ఒక ఆడియో ఫైలును జత చేయడానికి ఇది ఉపకరిస్తుంది. అందులో ఉండేవి మూడే వివరాలు: ఫైలు ఏ చిరునామాలో ఉంది, ఎన్ని బైట్ల పరిమాణం, ఏ రకం ఫైలు.

దీని వెనక ఉన్న ఆలోచన ఎంటీవీలో ఒకప్పుడు సంగీత కార్యక్రమాలకు యాంకర్‌గా చేసిన ఆడమ్ కర్రీది. 2000 అక్టోబరులో న్యూయార్క్‌లో వైనర్‌ను కలిసినప్పుడు ఆయన ఈ సంగతే చెప్పాడు. నొక్కిన తర్వాత కూర్చుని ఎదురుచూడాల్సి రావడమే ఇంటర్నెట్‌లో ఆడియోకి, వీడియోకి పట్టిన పీడ అని ఆయన వాదన. ఎవరూ ఎదురుచూడని వేళ, రాత్రి అందరూ నిద్రపోతున్నప్పుడు, కంప్యూటరే ఫైలును దించిపెట్టుకుంటే పొద్దున నొక్కగానే మోగుతుంది. వేగం పెరగకుండానే వేగంగా ఉన్నట్టు అనిపిస్తుంది. 2001 జనవరి 11న వైనర్ గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం పాట ఒకదాన్ని తన ఫీడ్‌లో జతచేసి ఈ పద్ధతి పనిచేస్తుందని చూపించాడు. ఆ ఏడాది అక్టోబరులో యాపిల్ జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్ ఐపాడ్‌ను ఆవిష్కరించింది. ఈ రెండింటినీ కలపాలన్న ఊహ రావడానికి మరో రెండేళ్లు పట్టింది.

కలిపినవాళ్లు పెద్ద సంస్థల వాళ్లు కారు. 2003 జూలైలో, అమెరికన్ పబ్లిక్ రేడియోలో పేరున్న క్రిస్టఫర్ లైడన్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని బెర్క్‌మన్ సెంటర్‌లో కూర్చుని ఇంటర్వ్యూలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. అప్పటికి అక్కడే ఉన్న వైనర్ వాటికి ఎన్‌క్లోజర్లతో ఫీడ్ తయారు చేశాడు. అక్టోబరులో అక్కడే జరిగిన సదస్సులో కెవిన్ మార్క్స్ అనే ప్రోగ్రామర్ ఫీడ్ నుంచి ఫైలును దించి యాపిల్ వారి ఐట్యూన్స్ ద్వారా ఐపాడ్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామును చూపించాడు. 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ ఈ కొత్త వ్యవహారానికి ఏ పేరు పెడదామని అడుగుతూ ప్రతిపాదించిన పేర్లలో పాడ్‌కాస్టింగ్ ఒకటి. ఆగస్టులో కర్రీ 'డైలీ సోర్స్ కోడ్' పేరుతో సొంత కార్యక్రమం ప్రారంభించి, ఫీడ్ నుంచి ఫైళ్లను దించే ఐపాడర్ అనే ప్రోగ్రామును అందరి ముందూ పెట్టాడు. సెప్టెంబరు 28న సాంకేతిక విషయాల రచయిత డాక్ సర్ల్స్ గూగుల్‌లో 'పాడ్‌కాస్ట్స్' అన్న మాట వెతికితే 24 ఫలితాలు వచ్చాయి. అక్టోబరు 18 నాటికి అవి లక్ష దాటాయి.

కంపెనీలకు అంతకుముందు ఉన్న ఆడియో

పాడ్‌కాస్ట్ రాకముందు కూడా కంపెనీలు గొంతు వాడుకున్నాయి. ఊళ్లు తిరిగే అమ్మకాల ప్రతినిధులకు కారులో వినడానికి క్యాసెట్లు పంపడం అమెరికాలో పాత అలవాటే. 2000 అక్టోబరులో అక్కడి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ అమల్లోకి తెచ్చిన రెగ్యులేషన్ ఎఫ్‌డీ ప్రకారం, కంపెనీ తన ముఖ్య సమాచారాన్ని ఎంపిక చేసిన కొద్దిమంది విశ్లేషకులకే ముందుగా చెప్పకూడదు. ఆ నిబంధన వచ్చాక, మూడు నెలలకోసారి ఫలితాలపై జరిగే కాన్ఫరెన్స్ కాల్‌ను వెబ్‌లో అందరికీ వినిపించడం మామూలైపోయింది.

వెబ్‌కాస్ట్ అనే ఈ పద్ధతిలో చిక్కు ఏమిటంటే, కంప్యూటర్ ముందు కూర్చుంటేనే వినగలం. మధ్యలో లేచి వెళ్తే మళ్లీ వెతుక్కోవాలి. వచ్చేసారి ఎప్పుడు ఉంటుందో మనమే గుర్తుపెట్టుకోవాలి. క్యాసెట్ చేతిలో ఇమిడేది గానీ, తయారు చేసి పోస్టులో పంపడానికి వారాలు పట్టేది. క్యాసెట్‌కు ఉన్న సౌకర్యం, వెబ్‌కు ఉన్న వేగం రెండూ ఒక్కచోట దొరకడమే పాడ్‌కాస్ట్‌ను కంపెనీల సమాచార విభాగాల వాళ్లు అంత త్వరగా పట్టించుకోవడానికి కారణం.

2005

ఆ ఏడాది జనవరి 3న 'ఫర్ ఇమ్మీడియట్ రిలీజ్' అనే పాడ్‌కాస్ట్ మొదలైంది. దాన్ని నడిపింది కాలిఫోర్నియాలో షెల్ హోల్జ్, నెదర్లాండ్స్‌లో నెవిల్ హాబ్సన్. ఇద్దరూ కంపెనీల తరఫున పత్రికలతో, ఉద్యోగులతో సంప్రదింపులు జరిపే వృత్తిలో అనుభవం ఉన్నవాళ్లు. పత్రికా ప్రకటనల నెత్తిన అచ్చువేసే మాటనే కార్యక్రమానికి పేరుగా పెట్టుకున్నారు. వారానికి రెండుసార్లు, సోమ, గురువారాల్లో, ఇంటర్నెట్ ఫోన్ మీద మాట్లాడుకుంటూ రికార్డు చేసేవారు. స్టూడియో లేదు, ఎడిటింగ్ బృందం లేదు. వృత్తిలోని వార్తలు, వాటిపై తమ అభిప్రాయాలు, శ్రోతలు సొంతంగా రికార్డు చేసి పంపిన వ్యాఖ్యలు, ఇతర దేశాల నుంచి వచ్చే చిన్న నివేదికలు ఉండేవి. ఎపిసోడ్‌తో పాటు షో నోట్స్ అని ఒక జాబితా పెట్టేవారు. ఎన్నో నిమిషం, ఎన్నో సెకను దగ్గర ఏ విషయం మొదలవుతుందో అందులో రాసి ఉండేది. అచ్చులోని పేజీని కంటితో పైపైన తిరగేసి కావలసింది పట్టుకోగలం, గంటసేపు సాగే ఆడియోను అలా తిరగేయలేం. ఆ లోటును ఈ జాబితా తీర్చేది. కంపెనీ పాడ్‌కాస్టులు తర్వాత అలవాటు చేసుకున్న పద్ధతుల్లో ఇది అన్నిటికన్నా పనికొచ్చిందని చెప్పాలి.

పెద్ద కంపెనీల్లో ముందుగా దిగినవాటిలో జనరల్ మోటార్స్ ఒకటి. ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఆవిష్కరించిన క్యాడిలాక్ డీటీఎస్, బ్యూక్ లూసర్న్ కార్ల గురించి అది తన తొలి పాడ్‌కాస్ట్ వెలువరించింది. మే నెలలో డిస్నీల్యాండ్ 50వ వార్షికోత్సవం గురించి డిస్నీ పాడ్‌కాస్టులు వచ్చాయి. వర్జిన్ అట్లాంటిక్ విమానయాన సంస్థ తాను వెళ్లే నగరాల్లో ఏం చూడాలో చెప్పే ఆడియో గైడ్‌లు తయారు చేసింది. పెంపుడు జంతువుల ఆహారం అమ్మే ప్యూరినా కుక్కల, పిల్లుల సంరక్షణపై సలహాలు ఇచ్చింది. ఆగస్టులో ఐబీఎం 'ఐబీఎం అండ్ ద ఫ్యూచర్ ఆఫ్' అనే వరుసను తన మదుపుదారుల పేజీలో పెట్టింది. ఫలానా రంగం రాబోయే ఏళ్లలో ఎలా మారబోతోందో సంస్థలోని నిపుణులు మాట్లాడుకోవడమే అందులో ఉండేది. వాటాదారులకు లాభనష్టాల అంకెలతో పాటు, కంపెనీ ఎటువైపు ఆలోచిస్తోందో దాని మనుషుల గొంతుల్లోనే వినే అవకాశం అలా వచ్చింది.

వీటన్నిటికన్నా ఎక్కువసేపు ఆగి చూడాల్సింది వర్ల్‌పూల్ కథ. మిషిగన్ రాష్ట్రంలోని బెంటన్ హార్బర్ కేంద్రంగా వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు తయారు చేసే ఈ సంస్థ 2005 జూలైలో 'అమెరికన్ ఫ్యామిలీ' అనే పాడ్‌కాస్ట్ ప్రారంభించింది. సంస్థ ప్రజా సంబంధాల విభాగానికి చెందిన ఆడ్రీ రీడ్-గ్రాంజర్ దాన్ని నడిపింది. వాషింగ్ మెషీన్ గురించి ఎవరు మాత్రం వారం వారం వింటారు? ఆ ప్రశ్నను సంస్థ తనకు తానే వేసుకుంది. అందుకే కార్యక్రమంలో తన సరుకుల ఊసు ఎత్తకూడదని నిర్ణయించుకుంది. పిల్లల పెంపకం, ఇంట్లో పెద్దల సంరక్షణ, ఉద్యోగం చేస్తూ ఇల్లు నడుపుకోవడం, ఇలా ఒక కుటుంబంలో రోజూ ఎదురయ్యే విషయాలే మాట్లాడారు. బట్టలు ఉతికేది, వంట చేసేది ఎవరో ఆ మనుషుల బతుకు గురించి మాట్లాడితే చాలు, కంపెనీ పేరు మొదట్లో ఒకసారి వినిపించినా సరిపోతుందన్న నమ్మకం అది. ప్రకటనల రంగంలో పెరిగినవాళ్లకు ఇది మింగుడుపడని ఆలోచన. డబ్బు ఖర్చుపెట్టి సరుకు పేరు చెప్పకపోవడం ఏమిటని అడిగేవాళ్లు ఏ సంస్థలోనైనా ఉంటారు. వాళ్ల ప్రశ్నకు తలొగ్గిన కంపెనీల పాడ్‌కాస్టులు రేడియో ప్రకటనల్లాగే తయారయ్యాయి. శ్రోత వాటిని ఎందుకు దించుకుని దాచుకోవాలి?

స్పాన్సర్ చేయడం మరో దారి. సొంతంగా కార్యక్రమం నడపకుండా, అప్పటికే జనం వింటున్నవాటికి డబ్బిచ్చి పేరు చెప్పించుకునేవారు. వర్జీనియాకు చెందిన ఇద్దరు తల్లులు నడిపే 'మామీకాస్ట్'కు కాగితపు కప్పులు, ప్లేట్లు తయారు చేసే డిక్సీ 2005 చివర్లో స్పాన్సర్‌గా వచ్చింది. వోల్వో కార్ల కంపెనీ, కార్ల గురించి రాసే ఆటోబ్లాగ్ వెబ్‌సైటు పాడ్‌కాస్ట్‌ను స్పాన్సర్ చేసింది. నవంబరులో కాలిఫోర్నియాలోని ఆంటేరియో నగరంలో పాడ్‌కాస్టర్ల కోసమే ఒక ప్రదర్శన జరిగింది. డిసెంబరులో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ పాడ్‌కాస్ట్‌ను ఆ ఏటి మాటగా ప్రకటించింది.

యాపిల్ వచ్చాక

2005 జూన్ 28న వచ్చిన ఐట్యూన్స్ 4.9లో పాడ్‌కాస్టులను వెతికి సబ్‌స్క్రైబ్ చేసుకునే సౌకర్యం చేరింది. అప్పటిదాకా విడిగా ఒక ప్రోగ్రామును ఎక్కించుకుని, ఫీడ్ చిరునామాను కాపీ చేసి అందులో అతికించాల్సి వచ్చేది. ఆ పని కంప్యూటర్‌తో చనువున్నవాళ్లకే సాధ్యం. ఇప్పుడు 3,000కు పైగా పాడ్‌కాస్టులు ఒకే జాబితాలో ఉచితంగా దొరికాయి. మొదటి రెండు రోజుల్లోనే 10 లక్షల సబ్‌స్క్రిప్షన్లు నమోదయ్యాయని యాపిల్ ప్రకటించింది. ఆ జాబితాలో వ్యాపారానికంటూ ఒక విభాగం ఉండటంతో, చిన్న సలహాదారు కార్యక్రమం కూడా పెద్ద పత్రికా సంస్థ కార్యక్రమం పక్కనే కనిపించే అవకాశం వచ్చింది.

అదే రోజు కొందరికి చేదు మిగిల్చింది. ఎవన్ విలియమ్స్, నోవా గ్లాస్ నడుపుతున్న ఓడియో సంస్థ సరిగ్గా ఈ పనే చేయాలని పెట్టుబడి తెచ్చుకుని తయారవుతోంది. పాడ్‌కాస్టులు వెతకడం, వినడం, తయారు చేయడం అన్నీ ఒకేచోట అని వాళ్ల ఆలోచన. యాపిల్ దాన్ని ప్రతి ఐపాడ్ యజమాని కంప్యూటర్‌లోకీ ఉచితంగా తెచ్చిపెట్టాక ఓడియోకి చేయడానికి పని మిగల్లేదు. ఇంకేం చేద్దామని ఆ సంస్థలోని వాళ్లు వెతుక్కుంటుండగా 2006లో పుట్టిందే ట్విటర్.

పెట్టుబడిదారులు మాత్రం అప్పటికే ఉత్సాహంగా ఉన్నారు. కర్రీ, రాన్ బ్లూమ్ కలిసి పెట్టిన పాడ్‌షోకు 2005 ఆగస్టులో క్లైనర్ పెర్కిన్స్, సెకోయా సంస్థలు 88.5 లక్షల డాలర్లు ఇచ్చాయి. సాంకేతిక కంపెనీల వాళ్లను ఇంటర్వ్యూ చేసే పాడ్‌టెక్‌ను జాన్ ఫ్యూరియర్ ప్రారంభించాడు. మైక్రోసాఫ్ట్‌లో ఉంటూ కంపెనీ గురించి నిర్మొహమాటంగా రాసి పేరు తెచ్చుకున్న రాబర్ట్ స్కోబుల్ 2006లో ఆ ఉద్యోగం వదిలి పాడ్‌టెక్‌లో చేరాడు.

ఆఫీసు లోపల

బయటి ప్రపంచం చూడని వాడకం ఇంకొకటి ఉంది. ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడానికి, పైవాళ్ల మాట కిందిదాకా చేరవేయడానికి పాడ్‌కాస్ట్ వాడటం. ఇలాంటి ప్రయత్నం ఒక విశ్వవిద్యాలయంలోనూ జరిగింది. 2004 ఆగస్టులో డ్యూక్ విశ్వవిద్యాలయం మొదటి సంవత్సరం విద్యార్థులు 1,600 మందికి పైగా ఐపాడ్‌లు పంచింది. క్యాపిటల్ వన్ బ్యాంకు తన శిక్షణ కార్యక్రమాల్లోని ఉద్యోగులకు ఐపాడ్‌లు ఇచ్చి, పాఠాలను వాటిలోకి పంపింది. తరగతి గదికి రప్పించడానికి అయ్యే రోజులు మిగిలాయి, ఆఫీసుకు వచ్చిపోయే దారిలో పాఠం వినే వీలు కలిగింది.

2006 జూన్‌లో కాలిఫోర్నియాలోని నేషనల్ సెమీకండక్టర్ తన ఉద్యోగులు 8,500 మందికీ వీడియో చూపించగల 30 జీబీ ఐపాడ్‌లు ఇస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఏడాది వచ్చిన రికార్డు ఫలితాలకు బహుమతి అన్నారు, శిక్షణకూ సంస్థ సమాచారానికీ వాడతామన్నారు. అప్పట్లో ఒక్కోదాని ధర 299 డాలర్లు. దుకాణం ధరతోనే లెక్క కడితే 25 లక్షల డాలర్ల పైమాట. ప్రపంచం నలుమూలలా ఉన్న ఉద్యోగులను ఒకే గంటకు ఫోన్ దగ్గర కూర్చోబెట్టాలంటే ఎవరో ఒకరికి అర్ధరాత్రి అవుతుంది. రికార్డు చేసిన మాటకు ఆ ఇబ్బంది లేదు. అధికారి గొంతులోని తడబాటు, నవ్వు, అలసట కూడా ఉద్యోగికి చేరతాయి. సర్క్యులర్‌లో అవేవీ ఉండవు.

కంపెనీల పరిధికి బయట ఉండి, ఉద్యోగులకు నేరుగా పాఠం చెప్పిన కార్యక్రమాల్లో 'మేనేజర్ టూల్స్' ముఖ్యమైంది. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివిన మార్క్ హార్స్ట్‌మన్, మైకేల్ ఆజెన్ 2005లో దీన్ని మొదలుపెట్టారు. కింద పనిచేసే ప్రతి ఒక్కరితో వారానికోసారి విడిగా కూర్చుని మాట్లాడటం ఎలా, తప్పు చేసినవాడికి ఆ సంగతి ఎలా చెప్పాలి వంటి చిన్న చిన్న పనులను ఎపిసోడ్‌కొకటి చొప్పున విప్పిచెప్పారు. వినడం ఉచితం. శిక్షణ తరగతుల మీద వాళ్ల ఆదాయం పెరిగింది. ముందు అడక్కుండా ఇచ్చి, నమ్మకం కుదిరాక పని సంపాదించుకోవడమనే ఈ దారి చిన్న సలహాదారులకు ప్రకటనల కన్నా బాగా అచ్చొచ్చింది.

బరువు, లెక్క, అడ్డంకులు

సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో అరగంట మాట రికార్డు చేస్తే ఫైలు సుమారు 14.4 ఎంబీ అవుతుంది. డయలప్ కనెక్షన్ మీద దాన్ని దించడానికి, అది 56 కిలోబిట్ల పూర్తి వేగంతో నడిచినా, 34 నిమిషాలు పడుతుంది. అంటే వినే సమయం కన్నా దించే సమయమే ఎక్కువ. 256 కిలోబిట్ల బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఏడున్నర నిమిషాలు చాలు. బ్రాడ్‌బ్యాండ్ పెరిగాకే పాడ్‌కాస్ట్ ఎదగడంలో ఆశ్చర్యం లేదు.

నడిపేవాళ్లకు ఈ బరువు మరోలా తగిలేది. వెయ్యిమంది దించుకుంటే సర్వర్ నుంచి 14 జీబీలకు పైగా బయటికి పోయినట్టు. బ్యాండ్‌విడ్త్‌కు డబ్బు కట్టే రోజుల్లో, ఎక్కువమంది వినడమే నష్టంగా మారేది. పాడ్‌కాస్ట్ ఫైళ్లను తన సర్వర్లలో ఉంచే సంస్థగా 2004 నవంబరులో మొదలైన లిబ్‌సిన్ ఈ లెక్కను తిరగేసింది. ఎంతమంది దించుకున్నా పట్టించుకోకుండా, నెలలో ఎన్ని ఎంబీలు ఎక్కించారన్న దానికే రుసుము వసూలు చేసింది. నెలకు 5 డాలర్లతో మొదలుపెట్టవచ్చు. ఒంటరిగా పనిచేసే సలహాదారు కూడా ఈ మాధ్యమంలోకి రాగలిగాడంటే ఆ నిర్ణయానిదే పెద్ద చేయి.

ప్రకటనల డబ్బు ఆశించినంత రాకపోవడానికి మూలం కొలతలో ఉంది. సర్వర్‌కు తెలిసేది ఫైలు వెళ్లిందని మాత్రమే. విన్నారా, సగంలో ఆపేశారా, అసలు తెరవనే లేదా అన్నది తెలియదు. మధ్యలో తెగి మళ్లీ మొదలైన డౌన్‌లోడ్ రెండుసార్లు లెక్కకెక్కవచ్చు. కొన్నాళ్లు వినకపోతే ఐట్యూన్స్ కొత్త ఎపిసోడ్లు దించడం ఆపేసేది, సబ్‌స్క్రైబర్ మాత్రం పేరుకు అలాగే ఉండేవాడు. ఫీడ్ సబ్‌స్క్రైబర్లను లెక్కపెట్టే ఫీడ్‌బర్నర్ ఒక దారి చూపింది. 2007లో గూగుల్ దాన్ని కొనేసింది. అదే ఏడాది ఉమ్మడి కొలమానాల కోసం అసోసియేషన్ ఫర్ డౌన్‌లోడబుల్ మీడియా ఏర్పడింది.

సంగీతం ఇంకో చిక్కు. ఇంట్లో కూర్చుని పాడ్‌కాస్ట్ చేసేవాడు ఇష్టమైన పాటతో మొదలుపెట్టినా చాలాసార్లు ఎవరూ పట్టించుకోరు. కంపెనీ అదే చేస్తే నోటీసు వస్తుంది. అందుకే స్వేచ్ఛగా వాడుకోనిచ్చే 'పాడ్‌సేఫ్' సంగీతం వాడుకలోకి వచ్చింది. కంపెనీ న్యాయవాదులు ప్రతి మాటనూ ముందే చూసి సరిదిద్దాలని పట్టుబట్టిన చోట, కాగితం చూసి చదివిన గొంతు శ్రోతకు వెంటనే తెలిసిపోయేది.

పేరు కూడా అడ్డుపడింది. ఐపాడ్ ఉంటేనే వినగలమని చాలామంది అనుకున్నారు. నిజానికి ఏ కంప్యూటర్‌లోనైనా వినవచ్చు. ఆర్బిట్రాన్, ఎడిసన్ సంస్థల సర్వే ప్రకారం 2006లో పాడ్‌కాస్ట్ అన్న మాట తెలిసిన అమెరికన్లు 22 శాతం, ఎప్పుడైనా విన్నవాళ్లు 11 శాతం. తెలిసినవాళ్లు మరుసటి ఏడాదికి 37 శాతానికి పెరిగారు గానీ, విన్నవాళ్లు 13 శాతమే. 2008కి అది 18 శాతం. 2006 చివర్లో ప్యూ పరిశోధన సంస్థ అడిగితే, ఇంటర్నెట్ వాడేవాళ్లలో 12 శాతం ఎప్పుడో ఒకప్పుడు పాడ్‌కాస్ట్ దించుకున్నామన్నారు. ఏదైనా ఒక రోజును తీసుకుంటే ఆ పని చేసినవాళ్లు ఒక్క శాతమే. కోట్లమందికి ఒకేసారి చేరాలనుకునే కంపెనీకి ఈ అంకెలు చాలవు. అయితే చిప్‌లు డిజైన్ చేసే ఇంజినీర్లతోనో, పత్రికా సంబంధాలు చూసే వృత్తివాళ్లతోనో మాట్లాడాలనుకునే సంస్థకు రెండువేల మంది శ్రోతలు ఎక్కువే. అంకెలు చూసి వెళ్లిపోయినవాళ్లు ఈ తేడాను చూడలేదు.

చల్లబడిన రోజులు

2005 అక్టోబరులో వీడియో ఐపాడ్ వచ్చింది. 2006 అక్టోబరులో గూగుల్ 165 కోట్ల డాలర్లకు యూట్యూబ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. కంపెనీల చూపు, ఖర్చు రెండూ వీడియో వైపు మళ్లాయి. విలియమ్స్ 2006లోనే ఓడియోను పెట్టుబడిదారుల నుంచి తిరిగి కొనుక్కుని, మరుసటి ఏడాది అమ్మేశాడు. పాడ్‌టెక్ 2008లో చేతులు మారింది. పాడ్‌షో అదే ఏడాది పాడ్ అన్న మాటనే వదిలేసి మెవియోగా పేరు మార్చుకుంది. 'ఫర్ ఇమ్మీడియట్ రిలీజ్', 'మేనేజర్ టూల్స్' మాత్రం ఎపిసోడ్లు విడుదల చేస్తూనే వచ్చాయి. వాటి ఫీడ్‌లలో ప్రతి ఎపిసోడ్ కిందా 2000 డిసెంబరు నాటి ఆ వరుసే ఉంటుంది: ఫైలు చిరునామా, బైట్లలో పరిమాణం, ఫైలు రకం.